మా వంతు మా చేతిలో ఉండనివ్వండి

ఆట తయారుచేస్తున్న స్టూడియో పెద్దలకు, ముఖ్యంగా అందులో నియమాలు రాసే డిజైనర్లకు,

నమస్కారం.

హైదరాబాద్‌లో కూర్చుని, మన దగ్గర పెద్దగా ఎవరూ చెయ్యి పెట్టని రకం ఆట చేస్తున్నారు. వంతులవారీగా ఆడే ఫాంటసీ స్ట్రాటజీ. కోటలు, మంత్రగాళ్లు, ఆరు మూలల గళ్ల యుద్ధభూమి. ఎర్లీ యాక్సెస్‌కి, అంటే పూర్తికాకముందే అమ్మకానికి, వచ్చిన మొదటి వారంలోనే డబ్బు కట్టి కొన్నాను. ఆ డబ్బు దండగ అని ఇప్పటికీ అనుకోవడం లేదు. పొగడ్త ఇంతటితో ఆపుతాను.

పోయిన అప్‌డేట్ తర్వాత మీకు మూడుసార్లు రాశాను. రెండుసార్లు ఆటలోనే ఉన్న ఫీడ్‌బ్యాక్ ఫారంలో, ఒకసారి ఈమెయిల్‌లో. మూడూ ఇంగ్లీషులోనే, మా అమ్మాయి చేత తప్పులు దిద్దించి మరీ పంపాను. మూడింటికీ మెషీన్ పంపే ధన్యవాదాలే వచ్చాయి. అందుకని ఈసారి తెలుగులో, నలుగురి ముందూ రాస్తున్నాను. మీ టీములో తెలుగు చదవగలిగేవాళ్లు చాలామందే ఉన్నారని ఆట చివర వచ్చే పేర్లు చూస్తే తెలుస్తూనే ఉంది.

నాది రాజమహేంద్రవరంలో మందుల షాపు. పొద్దున ఎనిమిదికి తెరిస్తే రాత్రి పదికి మూత. కౌంటరు వెనక పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంటుంది. బిల్లులు అందులోనే, ఆటా అందులోనే. వంతుల ఆటలే ఎందుకు ఆడతానంటే, ఎవరైనా చీటీ పట్టుకుని వస్తే లేచి మందులిచ్చి, చిల్లర లెక్కపెట్టి, వాడే విధానం రెండుసార్లు చెప్పి తిరిగొచ్చేదాకా నా సైన్యం ఎక్కడిది అక్కడే నిలబడి ఉంటుంది. గబగబా తుపాకులు పేల్చే ఆటలు నా బతుక్కి కుదరవు. 1999లో వచ్చిన హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3 ని డిగ్రీ రోజుల్లో నెట్ సెంటర్లో ఆడాను. గంటకింత అని డబ్బు కట్టేది ఒక్క కంప్యూటరుకే, ఆడేది మాత్రం ముగ్గురం. ఒకడి వంతు అయ్యాక లేచి రెండోవాడికి కుర్చీ ఇచ్చేవాడు. మీ ఆట మొదటి వెర్షన్ చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ కుర్చీయే.

ఇప్పుడు మీరు చేసిన మార్పుల సంగతి. ఒక్కొక్కటిగా చెబుతాను.

1. వంతుకు 90 సెకన్ల గడియారం.

ఆన్‌లైన్‌లో ఎదుటి మనిషితో ఆడేటప్పుడు టైమర్ ఉండాల్సిందే. అవతలివాడు భోజనానికి వెళ్లిపోతే అరగంట తెరకేసి చూస్తూ కూర్చున్న అనుభవం నాకూ ఉంది. కానీ మీరు దాన్ని కంప్యూటరుతో ఒంటరిగా ఆడే ఆటలో కూడా పెట్టారు, తీసేసే వీలు లేకుండా. కంప్యూటరుకి ఎక్కడికి వెళ్లాలని అంత తొందర?

పైగా ఆటలో ఒక వంతంటే ఒక రోజు. మొదటి రోజుకీ వందో రోజుకీ అదే 90 సెకన్లు. మొదటి రోజు ఒక హీరో (సైన్యాన్ని నడిపే నాయకుడు), ఒక కోట, పది అడుగులు. 90 సెకన్లు ఎక్కువే. మూడో నెలకి నాకు ఐదు కోటలు, నలుగురు హీరోలు. ఒక్కో కోటలోకి వెళ్లి సైన్యం కొని బయటికి రావడానికి, నా ల్యాప్‌టాప్ వేగానికి, పది సెకన్లు. అంటే యాభై అక్కడే పోయాయి. మిగతా నలభైలో నలుగురు హీరోలకు దారి చూడాలి, మంత్రం ఎంచుకోవాలి, మ్యాప్‌లో మనకి కనబడని చోట్లను కప్పే పొగమంచులో శత్రువు ఎక్కడున్నాడో ఊహించాలి. నిజంగా ఆలోచించాల్సిన దశకి వచ్చేసరికి ఆలోచించే సమయమే ఉండదు.

ఇది చాలదన్నట్టు, 45 సెకన్లలోపు వంతు ముగించినవాళ్లకి ఆ రోజు బంగారం పది శాతం అదనం. పది శాతమేగా అనిపిస్తుంది. ముప్పై రోజుల్లో అది మూడు రోజుల రాబడి. ఆ డబ్బుతో ముందే గని కొంటే ఇంకా ఎక్కువ. అంటే చెయ్యి చురుకైనవాడికి ఊరికే డబ్బు ఇస్తున్నారు.

దీని దెబ్బ ఎవరికి తగులుతోందో వినండి. మా పెదనాన్నగారికి డెబ్బై రెండేళ్లు, రిటైరైన లెక్కల మాస్టారు, కుడిచెయ్యి వణుకుతుంది. ఎత్తు వేయడంలో నన్ను రోజూ ఓడించే మనిషి. ఇప్పుడు ఆయన మౌస్‌ని సరైన గడి మీదకి తెచ్చేలోపే వంతు అయిపోతోంది. మా వాట్సాప్ గ్రూపులో ఒకావిడ ఉంది, చంటిబిడ్డ పడుకున్నాక ఆడుకుంటుంది. బిడ్డ లేస్తే ఆమె లేవాలి. పాజ్ ఉందిగా అంటారేమో. పాజ్ నొక్కితే మ్యాప్ మొత్తం మూసేస్తారు, అదీ వంతుకి ఒక్కసారే. ఏడ్చే పిల్లలకి ఆ లెక్క తెలియదు. నా సంగతి చెప్పనే అక్కర్లేదు. జ్వరం బిళ్ల అడిగినాయనకి చిల్లర ఇచ్చేలోపు పోయిన వారం ఒక కోట పోయింది.

చదరంగానికి గడియారం లేదా అని మీలో ఒకరు ఎక్కడో అన్నారు. ఉంది. కానీ అది కూర్చునేముందే ఇద్దరూ ఒప్పుకుని పెట్టుకునే గడియారం. ఎత్తు ఎత్తుకీ కొన్ని సెకన్లు కలిసే పద్ధతి కూడా అందులో ఉంది. అదే చదరంగాన్ని ఉత్తరాల మీద నెలల తరబడి ఆడినవాళ్లూ ఉన్నారు. మీ రంగంలోంచే ఒక ఉదాహరణ చెప్పనా? 2016లో వచ్చిన ఎక్స్‌కామ్ 2 అనే వంతుల ఆటలో చాలా మిషన్లకి ఇన్ని వంతుల్లో ముగించాలి అని హద్దు పెట్టారు. అది సెకన్ల గడియారం కూడా కాదు, ఒక్కో వంతు మీద గంటసేపు కూర్చున్నా అడిగేవాడు లేడు. అయినా ఆటగాళ్లు గొడవ చేశారు. 2017లో దానికి వార్ ఆఫ్ ద చోజెన్ అనే అదనపు భాగం వచ్చేసరికి ఆ హద్దును సడలించుకునే ఆప్షన్ చేర్చారు. అంత పెద్ద కంపెనీ ఒక మెట్టు దిగింది. మీరూ దిగొచ్చు.

మేము అడిగేది: ఒంటరి ఆటలో టైమర్‌ను ఆపేసే వీలు. ఆన్‌లైన్‌లో కోటలూ హీరోలూ పెరిగేకొద్దీ సెకన్లు పెరగాలి. తొందర బంగారం పూర్తిగా తీసేయాలి.

2. ఒకే కంప్యూటరు మీద ఇద్దరు ముగ్గురు ఆడే వీలు తీసేశారు.

అప్‌డేట్ నోట్‌లో దీన్ని 'వాడకం తక్కువ కాబట్టి తొలగించాం' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. వాడకం తక్కువని మీకెలా తెలిసింది? ఒక ల్యాప్‌టాప్ ముందు నలుగురు కూర్చున్నా మీ సర్వరుకి కనబడేది ఒక్క అకౌంటే. హాస్టల్ గదిలో ముగ్గురు పిల్లలు కలిసి కొనుక్కుంటే మీ లెక్కలో ఒక్కడు. ఆదివారం మధ్యాహ్నం షాపు మూశాక నేను, మా అమ్మాయి, మా బావమరిది కూర్చుంటే మీ లెక్కలో అదీ ఒక్కడే.

ఇప్పుడు ముగ్గురం ఆడాలంటే మూడు కంప్యూటర్లు, మూడు కాపీలు, ఆగకుండా ఇంటర్నెట్. వానాకాలంలో గాలి కొడితే మా వీధిలో ముందు పోయేది కరెంటు, దాని వెనకే వైఫై. ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ రెండు గంటలుంటుంది. ఆ రెండు గంటలు మీ ఆట 'కనెక్షన్ కోసం ఎదురుచూస్తోంది' అని తిరుగుతూనే ఉంటుంది. కంప్యూటరుతో ఆడే ఆటకి సర్వరు ఎందుకు కావాలో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

అడిగేది: పాత కుర్చీ పద్ధతి వెనక్కి రావాలి. ఇంటర్నెట్ లేకపోయినా ఒంటరి ఆట తెరుచుకోవాలి.

3. తెర మీద చూపించే శాతం నిజం కాదు.

దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మిగతావన్నీ అసౌకర్యాలు, ఇది నమ్మకానికి సంబంధించినది.

దాడి చేసేముందు, దెబ్బ తగిలే అవకాశం ఎంతో గడి మీద '75%' అని చూపిస్తారు. అప్‌డేట్ తర్వాత నా దెబ్బలు మరీ బాగా తగులుతున్నాయనిపించింది. అనుమానం వచ్చి పాత బిల్లు పుస్తకం వెనక రాసుకోవడం మొదలుపెట్టాను. మామూలు స్థాయిలో, సరిగ్గా 75 అని చూపించిన దాడులు మాత్రమే. 200 దాడుల్లో తగలాల్సినవి 150, అటూ ఇటూ ఐదో పదో తేడా ఉండొచ్చు. నాకు 171 తగిలాయి. శత్రువు నా మీద చేసినవి, అవీ 75 దగ్గరే, 200 రాశాను. 133 తగిలాయి. పెదనాన్నగారు కాగితం చూసి, ఇంత తేడా ఊరికే రాదురా, వెనకాల ఎవరో చెయ్యి పెట్టారు అన్నారు.

నీకు సాయమే కదా జరుగుతోంది, ఏడుపెందుకు అనొచ్చు. చెబుతాను. ఈ ఆటలో నేను చేసే ప్రతి పనీ ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది. గుర్రాలు ముందుకెళ్లాలా, విలుకాళ్లు గుట్ట మీదే ఉండాలా అన్నది దాన్ని చూసే తేల్చుకుంటాను. మామూలు స్థాయిలో ఆ అంకె నాకు అబద్ధం చెబుతూ వచ్చింది. నేను దానికి అలవాటుపడ్డాను. కష్టం స్థాయికి వెళ్లగానే నిజమైన 75 ఎదురైంది, వరసగా మూడు యుద్ధాలు పోయాయి. నేను ఆడటం మర్చిపోయానేమో అనుకున్నాను. మా అమ్మాయి పదో తరగతి. లెక్కల్లో సంభావ్యత పాఠం వచ్చినప్పుడు దానికి నేను చూపించిన ఉదాహరణ మీ ఆటే. ఆ బిల్లు పుస్తకం చూసి, 'మరి 75 అంటే నాలుగింట మూడు కాదా నాన్నా?' అంది. ఏం చెప్పాలో మీరే చెప్పండి.

ఇది మీతో మొదలైన పద్ధతి కాదని తెలుసు. జపాన్ ఆట ఫైర్ ఎంబ్లెంలో 2002 నుంచి చాలా భాగాల్లో దెబ్బ తగిలిందా లేదా తేల్చడానికి చాటున ఒక అంకెకి బదులు రెండు అంకెలు తీసి సగటు చూస్తారు. తెర మీద 90 అని ఉంటే లోపల తగిలే అవకాశం 98 దాకా ఉంటుంది. సివిలైజేషన్ ఆటలను రూపొందించిన సిడ్ మైయర్ 2010లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో చెప్పిన సంగతీ ఇదే: తన బలం మూడు, ఎదుటివాడి బలం ఒకటి అయిన యుద్ధంలో గెలుపు తనదే అని ఆటగాడు అనుకుంటాడు, ఓడితే ఒప్పుకోడు, అందుకని అతని మనసుకి తగ్గట్టు లెక్క సర్దాల్సి వచ్చింది అని. మనిషి మనసు అలాంటిదే, కాదనను. 75 దగ్గర వరసగా రెండు గురి తప్పడం పదహారింట ఒకసారి జరుగుతుంది. అది మామూలు లెక్క. మన బుర్ర మాత్రం అన్యాయం అంటుంది.

కానీ ఆ బాధ తీర్చడానికి అబద్ధం ఒక్కటే దారి కాదు. 2003 నుంచి ఉచితంగా దొరుకుతున్న బ్యాటిల్ ఫర్ వెస్నాత్ చూడండి. ఎదుటివాడు నిలబడ్డ నేలని బట్టి శాతం, అడవిలో ఎల్ఫ్ జాతి సైనికుణ్ణి కొట్టడం కష్టం, మంత్రంతో కొడితే నేల ఏదైనా 70 శాతం. చూపించింది చూపించినట్టే. దాడికి ముందు ఎంత దెబ్బ తగలొచ్చో పట్టిక తెరిచి చూసుకోవచ్చు. లేదా హీరోస్ 3 దారి: అక్కడ దెబ్బ తప్పడమన్నదే లేదు. నల్ల డ్రాగన్ మూల దెబ్బ 40కీ 50కీ మధ్య ఎక్కడో ఉంటుంది. అదృష్టం పాత్ర చాలావరకు ఆ తేడాలోనే. లేదా 2018లో వచ్చిన ఇన్‌టు ద బ్రీచ్ దారి: ఎనిమిది గళ్లకు ఎనిమిది గళ్ల పలక, శత్రువు ఎవరిని కొట్టబోతున్నాడో ముందే చూపించేస్తారు. మీ దాడి తగులుతుందా లేదా అన్న ప్రశ్నే రాదు. మూడు దారులూ ఒకదానికొకటి పోలిక లేనివే. మూడింట్లోనూ మీ దాడి గురించి తెర చెప్పేది నిజం.

మన ఇళ్లలో అష్టాచెమ్మా ఆడేటప్పుడు గవ్వలు అందరి ముందే పడతాయి. ఒకడికి నాలుగూ ఒకేలా పడి మళ్లీ మళ్లీ వంతు వస్తూ ఉంటే తిట్టుకుంటాం, అరుస్తాం, గవ్వలు మార్చమంటాం కూడా. పలక తిరగేసి వెళ్లిపోయినవాళ్లు తక్కువ, ఎందుకంటే గవ్వలు కళ్ల ముందే ఉన్నాయి. మీరు గవ్వలు కొంగు కింద వేస్తున్నారు.

అడిగేది: చాటున చేసే సర్దుబాటు తీసేయాలి. తీసేయడం ఇష్టం లేకపోతే, 'ఈ స్థాయిలో మీకు ఇంత సాయం ఉంది' అని స్థాయి ఎంచుకునే చోటే రాసి, సర్దిన అంకెనే గడి మీద చూపించాలి.

4. రెండో కోట ఎవరికి దొరికితే వాళ్లే గెలుపు.

వారం మొదటి రోజు కోటల్లో కొత్త సైన్యం పుట్టడం పాత పద్ధతి, మంచి పద్ధతి. దాని మీద మీరు ఇంకోటి చేర్చారు. గెలుచుకున్న కోటలో ఆ వారం సైన్యం వెంటనే, సగం ధరకి. దాంతో మొదటి వారంలో రెండో కోట పట్టినవాడు ఇక ఆగడు. మిగతా మూడు గంటలు ఓడేవాడికి నరకం, గెలిచేవాడికి విసుగు. మన పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. బలాలు ఏమాత్రం సమానం కావు. అయినా మేకలు ఓపిగ్గా దారులు మూసుకుంటూ వస్తే పులి కదల్లేక కూలబడుతుంది. వెనకబడ్డవాడికి ఏదో ఒక దారి మిగలాలి. ఆ సగం ధర తీసేస్తే చాలు, మిగతాది మీ ఇష్టం.

5. కష్టం స్థాయిలో కంప్యూటరు పొగమంచులోంచి చూస్తోంది.

నేను మూల దాచిన ఒంటరి హీరో దగ్గరికి, దారిలో ఎక్కడా ఆగకుండా, నేరుగా వచ్చేస్తోంది. మూడుసార్లు అదే మ్యాప్‌లో పరీక్షించాను. శత్రువుకి అదనపు బలం ఇవ్వడం తప్పేమీ కాదు, పై స్థాయిల్లో చాలా ఆటలు ఇస్తాయి. ఇచ్చామని చెప్పండి, అంతే.

6. రంగులు, అక్షరాలు.

నడవగలిగే గళ్లు ఆకుపచ్చ, ప్రమాదం ఉన్నవి ఎరుపు. మా బావమరిదికి ఆ రెండు రంగులకీ తేడా తెలియదు, పుట్టుకతోనే. పాత వెర్షన్‌లో ప్రమాదపు గడి మీద చిన్న కత్తి గుర్తు ఉండేది, అది చూసి ఆడేవాడు. అందంగా లేదని తీసేశారట. ఆదివారాలు ఇప్పుడు మా అమ్మాయి పక్కన కూర్చుని 'మావయ్యా, అది ఎరుపు' అని చెబుతూ ఉంటుంది. 

ఇక అక్షరాలు. హీరోకి మనమే పేరు పెట్టుకోవచ్చన్నారు కదా. మా అమ్మాయి 'రుద్రమ' అని పెట్టింది. తెర మీద ద పక్కన పొల్లు విడిగా, ర విడిగా, రోడ్డు మీద చెల్లాచెదురైన ఇటుకల్లా కనబడింది. ఒత్తులు కలపడం తెలియని పద్ధతిలో మీరు అక్షరాలు గీస్తున్నారు. ఆ పని చేసిపెట్టే హార్ఫ్‌బజ్ అనే కోడ్ లైబ్రరీ ఉచితంగానే దొరుకుతుంది. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడో ఇంజిన్ 2023లో వచ్చిన 4వ వెర్షన్ నుంచి దాన్ని లోపలే పెట్టుకుంది. హైదరాబాద్‌లో తయారయ్యే ఆట, కాకతీయ రాణి పేరు రాయలేకపోతే ఎలా అండీ?

ఎర్లీ యాక్సెస్ అంటే ఆట మారుతుందని మాకు తెలుసు. మారొద్దని అనడం లేదు. కానీ సగం కట్టిన ఇంట్లోకి మమ్మల్ని డబ్బు తీసుకుని మరీ పిలిచారు, గోడ ఎక్కడ పెడితే తల తగులుతుందో చెప్పమన్నారు. చెబుతున్నాం. వినకపోతే ఇంక పిలవడం దేనికి?

మా గ్రూపులో ఉన్న 23 మందిమి కూర్చుని అనుకున్నది ఇది. వచ్చే అప్‌డేట్‌లోపు ఈ ఆరింటికీ మీరు అందరికీ కనబడేలా జవాబివ్వాలి. ఏది చేస్తారు, ఏది చేయరు, ఎందుకు చేయరు. చేయమంటే చేయమని సూటిగా చెప్పినా పరవాలేదు, అప్పుడు మా దారి మేము చూసుకుంటాం. జవాబు రాకపోతే, కొన్నప్పుడు మేం రాసిన మంచి రివ్యూలు మార్చి, ఈ లేఖలో ఉన్నవే అక్కడ రాస్తాం. ఒక్క ముక్క ఎక్కువ చేసి చెప్పం. నా బిల్లు పుస్తకం పేజీలు ఫొటో తీసి పెట్టాను, కావాలంటే పంపుతాను. మీ దగ్గర అసలు కోడే ఉంది కాబట్టి నా లెక్క తప్పయితే చూపించండి, ఇక్కడే ఒప్పుకుంటాను.

చివరగా ఒక చిన్న పని, దీనికి మీటింగులు కూడా అక్కర్లేదనుకుంటాను. మేము ముగ్గురం ఆడుతున్న ఆదివారపు ఆట 112వ రోజు దగ్గర ఆగి ఉంది. పెద్ద యుద్ధం మొదలవ్వాలి, వంతు మా అమ్మాయిది. కొత్త వెర్షన్‌లో ఆ సేవ్ ఫైలు తెరుచుకోవడం లేదు. ముందు దాన్ని తెరిపించండి.

ఇట్లు,
మీ ఆట కొన్న ఒక మందుల షాపు యజమాని,
రాజమహేంద్రవరం